మా అత్త, ఆమె ఆస్ట్రియా దొర

మా మేనత్త పోయింది. ఫిబ్రవరి చివర్లో ఒక ఉదయం, షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న తన టౌన్‌హౌస్‌లో, కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగుతుండగా రెండోసారి స్ట్రోక్ వచ్చింది. నేను ఫార్మసీలో డ్యూటీలో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "నువ్వు డ్రైవ్ చేయగలవా, నేను వచ్చి తీసుకెళ్లనా?" అని అడిగాడు. ఆ అడగడంలోనే నాకు సంగతి అర్థమైపోయింది.

ఇది చదివే మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసినవాళ్లకు కూడా, చీర మీద పెద్ద స్నో కోటు తొడుక్కుని చర్చికి వచ్చే టీచరమ్మగానే తెలుసు. ఆరాధన అయ్యాక జరిగే భోజనాల్లో కొత్తగా వచ్చిన కుర్రాళ్లెవరైనా, "మీరేం చేస్తుంటారు ఆంటీ?" అని మర్యాదకి అడిగేవాళ్లు.

"కాలేజీలో హిస్టరీ చెప్తా."

"ఇండియన్ హిస్టరీనా ఆంటీ?"

"కాదబ్బయ్యా, ఆస్ట్రియా సైన్యం. పందొమ్మిదో శతాబ్దం."

ఆ అబ్బాయి పప్పు గిన్నె వైపు చూసేవాడు. కాసేపటికి తేరుకుని, "గ్రీన్‌కార్డ్ ఎప్పుడొచ్చింది ఆంటీ మీకు?" అనేవాడు. అత్త నవ్వుకుంటూ దానికీ జవాబు చెప్పేది.

గూడూరు దగ్గరి పల్లెలో పుట్టిన క్రైస్తవుల ఆడపిల్లకీ ఆస్ట్రియా సైన్యానికీ ఏం సంబంధం? మా తాత మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడ ఒక జర్మన్ నర్సమ్మ ఉండేది. ఆమె తెలుగు మాట్లాడుతుంటే తెర వెనక నించి వినేవాళ్లు మన ఊరి మనిషే అనుకునేవాళ్లట. అత్త బడి నించి వచ్చి ఆమె పక్కన చేరి, కట్టుగుడ్డలు చుట్టిపెడుతూ ఒక్కొక్క మాటా అడిగి నేర్చుకుంది. పదో తరగతికి వచ్చేసరికి జర్మన్‌లో కీర్తనలు పాడేది. "ఆమె మన భాషలోకి రాకపోయుంటే నేను ఆమె భాషలోకి పోయేదాన్నా?" అని చాలాసార్లు అనేది. స్కాలర్‌షిప్ మీద అమెరికా వచ్చి, పీహెచ్‌డీ కోసం వియన్నాలో కొంతకాలం ఉండి, తిరిగొచ్చి షికాగోలో ఒక చిన్న కాలేజీలో చేరింది. పెళ్లి చేసుకోలేదు. చదువుకోవడానికి నేను వచ్చినప్పుడు నన్ను తన ఇంట్లో పెట్టుకుంది. నా పెళ్లి తనే చేసింది. నా కూతురికి పేరు కూడా తనే పెట్టింది.

ఆ వియన్నా రోజుల్లోనే, పాత కాగితాల్లో, ఆమెకు ఆ మనిషి పరిచయమయ్యాడు. ఆయన ఒక బారన్, అంటే మన జమీందారులాంటి బిరుదున్నవాడు, సైనిక అధికారి. ఆయన పేరు చాలా పొడుగు. మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగక "అత్త దొర" అనేసేవాళ్లం. మొదట్లో కోప్పడేది. తర్వాత తనే, "ఈ వారం మా దొరతో కుదర్లేదే, పేపర్లు దిద్దేదానికే సరిపోయింది," అనడం మొదలుపెట్టింది.

ఆమె అలవాట్లు చెప్పాలంటే, ముందు ఆ రైలు చెప్పాలి. రోజూ ఉదయం సిటీకి పోయే రైల్లో, పై అంతస్తులో కూర్చునేది. టిఫిన్ బాక్స్‌లో పెరుగన్నం, ఆవకాయ. చదువుతూ చదువుతూ, స్టేషన్ దాటిపోయి మరీ దిగిన రోజులున్నాయి. కాలేజీలో ఆమె ఆఫీసు ఊడ్చే పోలండ్ ఆవిడ ఉండేది. పిల్లల క్లాసులు అయ్యాక అత్త ఆవిణ్ని కూర్చోబెట్టి పోలిష్ నేర్చుకుంది. ఒకసారి నేను అక్కడికి వెళ్లినప్పుడు ఇద్దరూ ఏదో మాట దగ్గర పగలబడి నవ్వుతున్నారు. ఏమైందని అడిగితే, "నేను 'మీ అమ్మ ఎట్లుండాది' అనబోయి ఇంకేందో అన్నానంట. ఏందో మాత్రం చెప్పడంలా," అంది.

ఇంట్లో చేపల పులుసు పెడుతూ జర్మన్ రేడియో వినేది. ఎవరి ఇంగ్లీషూ సరిదిద్దేది కాదు. ఎవరైనా తన ముందు మరొకరి ఉచ్చారణకి నవ్వితే మాత్రం ఊరుకునేది కాదు. "ఆ మనిషి నీ భాషలోకి వచ్చినాడు. నువ్వు వాడి భాషలోకి ఎంత దూరం పోయినావు?" అని నిలదీసేది.

నలభై ఏళ్లకి పైగా ఆమె ఆ ఒక్క దొర జీవితం మీదే పనిచేసింది. మధ్యలో వేరే వ్యాసాలు రాసింది, పాఠాలు చెప్పింది, డిపార్ట్‌మెంట్ నడిపింది. కానీ పుస్తకంగా రాయాలనుకున్నది ఇదొక్కటే. ఒక వేసవిలో ఆయన సమాధి ఉన్న ఊరికి కూడా వెళ్లొచ్చింది. అది ఇప్పుడు వేరే దేశంలో ఉంది. కార్పాతియన్ కొండల అవతల చిన్న పల్లె. అక్కడ ఒక ముసలామెని అడిగితే, "బారనా? అట్లాంటివాళ్లు ఎవరూ లేరే ఇక్కడ," అందట. అత్త ఇంకాస్త వివరం చెప్పేసరికి, "ఓ, మా చెయ్యిలేని పంతులా!" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించిందట. తిరిగొచ్చి మా వంటింట్లో ఈ మాట చెబుతున్నప్పుడు అత్త మొహం చూడాలి. పెళ్లి సంబంధం కుదిరినంత సంతోషం!

రిటైరయ్యాక రాయడం మొదలుపెట్టింది. ఒక యూనివర్సిటీ ప్రెస్‌వాళ్లు వేస్తామన్నారు. సగానికి పైగా ప్రణాళిక తలలోనే ఉంది, కాగితం మీదికి వచ్చింది మొదటి రెండు అధ్యాయాలే. అప్పుడు మొదటి స్ట్రోక్ వచ్చింది.

నడక తొందరగానే వచ్చింది. మాట రాలేదు. హాస్పిటల్లో స్పీచ్ థెరపిస్టు, ఎంతో ఓపికున్న పిల్ల, ఒక బొమ్మ చూపించి ఇదేంటని అడుగుతోంది. అత్త నోరు తెరుస్తోంది, మూస్తోంది. కళ్ల నించి నీళ్లు కారుతున్నాయి. ఇంగ్లీషులో పాఠాలు చెప్పి బతికిన మనిషి. నేను గదిలోకి అడుగు పెట్టగానే నా వైపు తిరిగి, కొంచెం ముద్దగానే అయినా, గుక్క తిప్పుకోకుండా అంది:

"చూడవే, ఈ పిల్ల పొద్దున్నించీ కప్పు చూపించి నన్ను చంపతా ఉండాది!"

నేనూ ఆ పిల్లా బిత్తరపోయాం. అత్త కూడా తన నోట్లోంచి వచ్చిన మాట విని ఆగిపోయింది. మళ్లీ మెల్లగా, "కప్పు," అంది. "గిన్నె. చెంబు. తపేలా." ఒక్కొక్కటీ పలికి చూసుకుంది, గాజులు లెక్కపెట్టుకున్నట్టు. థెరపిస్టు నన్ను అడిగింది, ఆమె ఏమంటోందని. వంట సామాను పేర్లు చెబుతోందన్నాను.

తెలుగు ఉంది. ఇంగ్లీషు పోయింది. జర్మన్, పోలిష్ కూడా పోయాయి. ఎదుటివాళ్లు నిదానంగా మాట్లాడితే ఇంగ్లీషు అర్థమయ్యేది గానీ తిరిగి జవాబు రాదు. చదవబోతే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయనేది. ఒకటి రెండు నెలల్లో తిరిగి రావచ్చన్నారు డాక్టర్లు. రాలేదు. ప్రెస్‌వాళ్లు చాలా మర్యాదగా, ఆరోగ్యం ముఖ్యమని, ఒప్పందం ఇక మరిచిపొమ్మని చెప్పారు.

ఆ చలికాలం ఆమె మాతో కూడా సరిగా మాట్లాడలేదు. తెలుగు ఉన్నా మాట్లాడలేదు. కిటికీ దగ్గర కూర్చుని చెరువు మీద గడ్డకట్టిన మంచు చూసేది. ఒకరోజు తల దువ్వుతుంటే, "ఆయన్ని వాళ్లు ఒకసారి పాతిపెట్టినారు. ఇప్పుడు నేను పాతిపెట్టినా," అంది. నేను జడ వేయడం ముగించి, పక్కనే కూర్చున్నాను.

ఇంతలో మా పాస్టరుగారి భార్య, పాస్టరమ్మ, చూడ్డానికి వచ్చింది. ఏలూరు మనిషి, నోరు ఊరుకోదు. ప్రార్థన చేసి, కాఫీ తాగుతూ, మాట కలపడానికి అడిగింది:

"ఇంతకీ ఆంటీ, ఆ దొరగారు ఏం చేశారండీ? ఇన్నేళ్లుగా వింటున్నాం, ఎప్పుడూ అడగనేలేదు."

అత్త ఆమె వైపు చాలాసేపు చూసింది. నిజంగానే అడుగుతోందా, జాలికి అడుగుతోందా అని కాబోలు.

"ఒక సిపాయిని కొట్టించినాడు," అంది.

"అయ్యో! అదేంటండీ?"

అలా మొదలైంది. ఆ రోజు కాఫీలు చల్లారిపోయాయి. పాస్టరమ్మ ఇంకో ఇంటికి వెళ్లాల్సింది, వెళ్లలేదు. లేచేటప్పుడు, "శనివారం మధ్యాహ్నం మా ఆయన్నీ తీసుకొస్తానండీ. మళ్లీ మొదట్నించీ చెప్పాలి," అంది. ఆ శనివారం అరడజను మంది వచ్చారు. తర్వాత ఇల్లు చాలక చర్చి హాల్లో కూర్చున్నాం. నేను ఫోన్‌లో రికార్డ్ చేశాను. మొదట్లో, ఆమె మాట మెరుగవుతుందో లేదో థెరపిస్టుకి చూపించడానికి. తర్వాత కథ కోసం.

ఆ కథ నేను ఇక్కడ పూర్తిగా చెప్పలేను. కానీ కొంచెమైనా చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టు కాదు.

దొరది పేరుకే బారన్ల కుటుంబం. కొండల్లో కారిపోయే కప్పు ఉన్న పెద్ద ఇల్లు. ఆయన రెండో కొడుకు కాబట్టి చిన్నప్పుడే సైనిక పాఠశాలలో వేశారు. లెఫ్టినెంటుగా ఇటలీకి పంపారు. ఆ చక్రవర్తి సైన్యంలో ఒక్కో పటాలానిది ఒక్కో భాష. ఆజ్ఞలు మాత్రం జర్మన్‌లో. ఆయన కింద ఉన్నవాళ్లు రూథేనియన్ అనే భాష మాట్లాడే రైతు బిడ్డలు. ఒకరోజు కాపలా ఉన్న కుర్రాడు, చోటు మారమని చెబితే కదల్లేదు. ధిక్కారం అనుకుని అందరి ముందూ కర్రలతో కొట్టించాడు. తర్వాత తెలిసింది, వాడికి ఆ మాటే అర్థం కాలేదని.

"ఇది తీసేయొచ్చు కదండీ," అన్నారొకరు. "మంచి పనులు చాలా చేశారంటున్నారుగా."

"ఇది తీసేస్తే తక్కినవి ఎందుకు చేసినాడో ఎట్లా తెలుస్తుంది?" అంది అత్త. "మంచోణ్ని చేసేదానికి వాడి తప్పు దాచిపెడితే, వాడు మారినాడన్న సంగతి కూడా దాచిపెట్టినట్టేగా."

కొట్టించిన ఆ కుర్రాడి దగ్గరే దొర భాష నేర్చుకున్నాడు. తోటి అధికారులు నవ్వారు. నాలుగు ముక్కలు వస్తే చాలదా అన్నారు. ఆయన వాళ్ల పాటలు, తిట్లు, ఒక్కొక్కడి ఊరి పేరూ, వాడి తల్లి పేరూ నేర్చుకున్నాడు. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంతో యుద్ధం వచ్చి ఆస్ట్రియా ఓడిపోయిన రోజున, సైన్యమంతా తొక్కిసలాడుకుంటూ ఒక నది మీది వంతెనకి ఎగబడింది. వందలమంది నీళ్లలో పడుతున్నారు. దొర వంతెన మొదట్లో నిలబడి ఒక్కొక్కణ్నీ వాడి తల్లి పేరుతో పిలిచాడు. పరిగెత్తద్దు, నడవండి, ఇంటికే పోతున్నాం అన్నాడు. నడిచారు. చివర్న ఆయన దాటుతుండగా గుండు పడి ఎడమ చెయ్యి పోయింది.

ఆ భాగం చెప్పడానికి అత్తకి మాటలు దొరక్క చాలా అవస్థ పడింది. రెజిమెంట్ అన్న మాట రావట్లేదు. చేత్తో గాల్లో ఏదో గీస్తోంది. పాస్టరుగారి తల్లి మెల్లగా "పటాలమా అమ్మా?" అంది. అత్త రెండు చేతులూ జోడించి ఆమెకి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత నించి మాట కోసం తడుముకోవడం ఆమెకి ఆటైపోయింది. జాగీర్దారు అనాలా, జమీందారు అనాలా అని మమ్మల్నే అడిగేది. కొత్తగా చేరినవాళ్లని ఏమంటారంటే ఒకాయన "రంగరూట్లు" అన్నాడు. అత్త ఆ మాటని నోట్లో చాక్లెట్టులా చప్పరించింది.

చెయ్యి పోయినవాణ్ని యుద్ధానికి పంపరు కాబట్టి, ఆ రైతుల ప్రాంతంలోనే రంగరూట్ల మీద అధికారిగా వేశారు. కరువొచ్చింది. ఒక జమీందారు ధాన్యపు కొట్టు చుట్టూ పల్లెలవాళ్లు గుమిగూడారు. కాల్చమని దొరకి ఆజ్ఞ వచ్చింది. ఆయన వెనక తుపాకులు పట్టుకున్నవాళ్లు ఆ పల్లెల పిల్లలే.

"కత్తి తీసి కింద పెట్టినాడు," అంది అత్త. "ఒక్కడే నడుచుకుంటా పోయినాడు. 'మీ బిడ్డల చేత మిమ్మల్ని కాల్పించను. మీరూ మీ బిడ్డల మీదికి రావద్దు. మధ్యలో నేను కూర్చుంటా' అన్నాడు. కూర్చున్నాడు, బురదలో. పొద్దుగూకే దాకా వాళ్ల మాటలోనే మాట్లాడతా ఉన్నాడు. ఎవరి ఇంట్లో ఎంతమంది పోయినారో అడిగి చెప్పించుకున్నాడు. చివరికి జమీందారే కొట్టు తలుపు తీయించినాడు."

ఒక్క గుండు పేలలేదు. అయినా అధికారుల సభ కూర్చుంది. నీకిచ్చిన ఆజ్ఞ కాల్చమని, మాట్లాడమని కాదు అంది. యూనిఫాం తీసేసుకుంది. అన్న ఇంట్లోకి రానివ్వలేదు. ఆయన తిరిగి ఆ పల్లెకే వెళ్లి, ఒక గది తీసుకుని, పిల్లలకి చదువు చెబుతూ, తేనెటీగల్ని పెంచుకుంటూ అక్కడే ముసలివాడై పోయాడు. శవపేటికని పాత సైనికులే మోసుకెళ్లారు. రక్తసంబంధీకులు ఎవరూ రాలేదు.

ఆ రోజు హాల్లో మా అమ్మాయి కూడా ఉంది. కాలేజీ సెలవులకి వచ్చింది. అత్తని అమ్మమ్మ అనే పిలుస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగు వస్తుంది గానీ మాటల చివరలు మింగేస్తుంది. చెయ్యెత్తి అడిగింది:

"అన్నీ లూజ్ చేశాడు కదా అమ్మమ్మా. అది వర్త్ అయ్యిందా?"

"వర్త్ అంటే ఏందో నాకిప్పుడు తెలీదు తల్లీ," అంది అత్త. వెటకారం కాదు, నిజంగానే తెలీదు. "తెలుగులో అడుగు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను అందించలేదు. తనే వెతుక్కుని, వెతుక్కుని, "ఆయన... సంతోషంగా ఉన్నాడా, తర్వాత?" అంది.

అత్త కళ్లు మూసుకుంది. జవాబు కోసం కాగితాలన్నీ తలలోనే తిరగేస్తున్నట్టు ఉంది. "తేనె బాగా వచ్చిన సంవత్సరాల్లో ఉన్నాడు," అంది. "చలికాలాల్లో ఏడ్చినట్టే ఉండాది. కానీ మళ్లీ ఆ రోజు వస్తే ఏం చేస్తావని ఎవరో అడిగితే, ఇంకా పొద్దున్నే పోయి కూర్చుంటా అన్నాడంట."

కథ అక్టోబర్లో ముగిసింది. అందరం చప్పట్లు కొట్టాం, పాస్టరమ్మ బొబ్బట్లు చేసింది. అత్త మాత్రం అసంతృప్తిగా ఉంది. తొందరపడ్డానని, సైనిక పాఠశాల సంగతి సరిగా చెప్పలేదని, మళ్లీ శనివారం నించి మొదలుపెడతానంది. ఎవరూ కాదనలేదు. పైగా కొత్తవాళ్లు వచ్చారు. ఆ రెండో సారి చెప్పడంలో ఆమె మొదటిసారి కన్నా ఎంత బాగా చెప్పిందో! దేనికీ తడుముకోలేదు. ఇంగ్లీషులో రాసుంటే ఆ పుస్తకం చదివే పండితులు ప్రపంచంలో ఎంతమంది ఉండేవాళ్లో తెలీదు. మా హాల్లో మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్లూ, నర్సులూ, ఇండియా నించి మనవల్ని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మలూ, ఆ దొర ఇటలీ ఎప్పుడు చేరతాడా అని ఎదురుచూశారు. చేరలేదు. పాఠశాల దాటకముందే అత్త వెళ్లిపోయింది.

సమాధి కార్యక్రమానికి ఆమె కాలేజీలో జర్మన్ చెప్పిన ప్రొఫెసరు వచ్చాడు. ఆమె కన్నా పెద్దాయన, తెల్లాయన, చేతికర్రతో. పోలండ్ ఆవిడ ఆయన్ని పట్టుకుని నడిపించింది. ఆయన చాలా ఏళ్లుగా ఆ పుస్తకం కోసం ఎదురుచూసినవాడు. ఆమె తెలుగులో కథంతా చెప్పిందని నేను అంటే, నమ్మలేనట్టు చూశాడు. పూర్తిగానా అని అడిగాడు. పూర్తిగానే అన్నాను. మా అమ్మాయి, తను కూర్చుని ఇంగ్లీషులోకి మారుస్తానని, తప్పులు మీరు చూడాలని ఆయన్ని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. వాళ్లిద్దరూ ఈ వేసవికి పని మొదలుపెడతారు.

భోజనాలకి అందరూ లోపలికి వెళ్లారు. ఆయన చలికి ఆగలేక నా కార్‌లో కూర్చున్నాడు. ఇప్పుడే కొంచెం వినిపించమన్నాడు. నేను హీటర్ పెట్టి, ఫోన్ కార్‌కి కనెక్ట్ చేశాను. అత్త గొంతు కార్ నిండా వచ్చింది. నేను అర్థం చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత, అన్నాడు. ముందు ఆవిణ్ని విననీ అన్నాడు.

ఆయనకి ఒక్క తెలుగు ముక్క రాదు. కానీ ఊళ్ల పేర్లు తెలుసు, మనుషుల పేర్లు తెలుసు. పేరు వచ్చిన ప్రతిచోటా తలాడించాడు. మధ్యమధ్యలో వేలు ఎత్తి, ఇప్పుడు ఇటలీలో, మిలన్‌లో ఉన్నారు అని, ఇప్పుడు ఇంటికి పోతున్నారు అని నాకే చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. అద్దం మీద మంచు మెత్తగా పడి బయట ఏమీ కనిపించకుండా పోయింది. రికార్డింగ్‌లో ఎవరో దగ్గారు, ఎవరిదో కుర్చీ జరిగింది, పాస్టరమ్మ ఏదో అంది, అత్త పెద్దగా నవ్వింది. ఎందుకో తెలియకుండానే ఆయనా ఆమెతోపాటు నవ్వాడు.